డ్రయ్యర్‌లో బట్టలు ఆరడం లేదా? ముందు గాలి పోయే దారి చూడండి

మాది శ్రీకాకుళం, ఇల్లు నాగావళి ఒడ్డుకి దగ్గర. జూన్‌లో మొదలైన ముసురు అక్టోబరు, నవంబరు తుపాన్ల దాకా సాగుతుంది కాబట్టి దండెం మీద వేసిన తువ్వాళ్లు రెండ్రోజులైనా ఆరక ముక్కిపోయిన వాసన కొడతాయి. ఆ బాధ పడలేకే డ్రయ్యర్ కొన్నాం. మొదటి ఏడాది గంటన్నరలో బట్టలు కరకరలాడుతూ వచ్చేవి. రెండో ఏడాదికి రెండు గంటలైంది, తర్వాత మూడు. "ఏటిరా ఇది, ఇంత కరెంటు కాల్చినా ఇంకా సెమ్మగానే ఉన్నాయి" అని మా అమ్మ మళ్లీ ఫ్యాను కింద కుర్చీల మీద లుంగీలు పరవడం మొదలెట్టింది.

మెకానిక్ వచ్చి హీటర్ బలహీనపడిందన్నాడు. మార్పించాం. ఏమీ మారలేదు. చివరికి ఒకరోజు వెనక సందులో పడిన కొబ్బరికాయ తీయడానికి వెళ్లి తల పైకెత్తి చూస్తే, గోడలోంచి వచ్చిన డ్రయ్యర్ పైపు మూతికి బూడిదరంగు కంబళి ముక్క లాంటిది అంటుకొని ఉంది. ఇల్లు కట్టేటప్పుడు తాపీ మేస్త్రీ అన్ని కన్నాలకీ కొట్టినట్టే దానికీ దోమల జాలీ కొట్టేశాడు. రెండేళ్లుగా బట్టల నూగు ఆ జాలీకి పట్టి మందంగా అట్టకట్టింది. జాలీ పీకేశాను. ఆ సాయంత్రం బట్టలు గంటన్నరలో ఆరాయి. పాత హీటర్‌కి ఏ రోగమూ లేదని అప్పుడు తెలిసింది.

అందుకే ఈ మార్గదర్శి. డ్రయ్యర్ ఆరబెట్టడం లేదంటే మెకానిక్‌కి ఫోన్ చేసేముందు మీరే చూసుకోవాల్సినవి, చూసే వరుసలో రాస్తున్నాను.

మీది ఏ రకం?

మన దగ్గర సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్‌లో గిరగిరా తిప్పి నీళ్లు పిండే రెండో తొట్టినీ డ్రయ్యర్ అనే అంటాం. దానికీ ఈ వ్యాసానికీ సంబంధం లేదు. ఇక్కడ చెప్పేది వేడిగాలితో ఆరబెట్టే విడి మెషిన్ గురించి. అందులోనూ రకాలున్నాయి. వెనకవైపో పక్కనో సుమారు 4 అంగుళాల గుండ్రటి మూతి ఉండి, అక్కడినుంచి తేమగాలి బయటికి పోతే అది వెంటెడ్ రకం. నీళ్లు ఒక డబ్బాలోకో డ్రెయిన్ పైపులోకో చేరితే కండెన్సర్ లేదా హీట్ పంప్ రకం. వాటికి గాలి పైపు ఉండదు, ఫిల్టరూ, ఆవిరిని నీరుగా మార్చే కండెన్సరూ శుభ్రం చేసుకుంటే చాలు. మిగతాదంతా వెంటెడ్ వాళ్ల కోసం.

లోపల జరిగేది ఏమిటంటే

మెషిన్ గదిలోని గాలిని పీలుస్తుంది, హీటర్ మీదుగా పోనిచ్చి వేడెక్కిస్తుంది, ఆ గాలి తిరుగుతున్న బట్టల మధ్య నుంచి వెళ్తూ తేమనీ నూగునీ పట్టుకుంటుంది. ఫిల్టర్ దగ్గర నూగులో చాలావరకు ఆగిపోతుంది. మిగిలిన తడిగాలిని ఫ్యాను పైపులోకి తోస్తుంది. ఫిల్టర్‌ని తప్పించుకున్న సన్నటి నూగు మాత్రం పైపు వంపుల్లో, అతుకుల దగ్గర, మూతి దగ్గర పేరుకుంటూ పోతుంది.

దారి మూసుకుపోతే తడిగాలి డ్రమ్ములోనే తిరుగుతుంది. హీటర్ వేడి బయటికి పోక లోపలి ఉష్ణోగ్రత పెరుగుతుంది, థర్మోస్టాట్ హీటర్‌ని ఆపేస్తుంది, కాస్త చల్లబడ్డాక మళ్లీ వెలిగిస్తుంది. బయటినుంచి చూసేవాళ్లకి మెషిన్ నిమ్మళంగా తిరుగుతున్నట్టే ఉంటుంది, కానీ హీటర్ సగం సేపు ఆగే ఉంటుంది. మెషిన్ పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండి బట్టలు మాత్రం తడిగా వస్తున్నాయంటే అనుమానం పైపు మీదే పెట్టుకోండి.

"వానాకాలం కదా, గాలిలోనే తేమ, ఇంకెలా ఆరతాయి?" అని మా వీధిలో చాలామంది సరిపెట్టుకుంటారు. లెక్క వేసి చూస్తే అది పెద్ద కారణం కాదు. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి మహా అయితే 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకుంటుంది. అదే గాలిని 60 డిగ్రీలకి వేడిచేస్తే సుమారు 130 గ్రాములు పట్టుకోగలదు. అంటే ముసురు రోజున 90 శాతం తేమతో ఉన్న గాలి కూడా మెషిన్‌లో వేడెక్కేసరికి సుమారు 20 శాతం తేమతో పొడిగాలి అయిపోతుంది. ఎండాకాలం కన్నా కాస్త ఆలస్యం కావచ్చు, రెట్టింపు సమయం పట్టడానికి మాత్రం వాన కారణం కాదు.

అసలు ఎంతసేపు పట్టాలి?

ఇది తెలియకపోతే తర్వాత చేసేదంతా గుడ్డి పనే. 5 కిలోల పొడి నూలు బట్టలు వాషింగ్ మెషిన్‌లో 1000 ఆర్‌పీఎం స్పిన్ అయ్యాక కూడా సుమారు 3 కిలోల నీళ్లు మోస్తుంటాయి. లీటరు నీటిని ఆవిరి చేయడానికే దాదాపు 0.63 యూనిట్ల కరెంటు కావాలి. మూడు లీటర్లకి 1.9 యూనిట్లు. 2000 వాట్ల హీటర్ ఏ నష్టమూ లేకుండా పనిచేసినా గంట పడుతుంది, నిజజీవితంలో గంటన్నర చిల్లర. చేత్తో పిండి వేసిన బట్టలైతే ఇంకా ఎక్కువ. కాబట్టి గంటన్నర పడుతోందని కంగారుపడకండి. మొదట్లో పట్టిన దానికన్నా ఇప్పుడు ఎంత పెరిగిందన్నదే చూడాలి.

నేను ఒక కొలత పెట్టుకున్నాను. అవే నాలుగు తువ్వాళ్లు, అవే రెండు దుప్పట్లు, అదే స్పిన్. ఎన్ని నిమిషాలు పట్టిందో వంటింటి క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో పెన్సిల్‌తో రాస్తాను. పాలు, పేపరు లెక్కల పక్కన అదొకటి.

మొదటి మెట్టు: ఫిల్టర్

ప్రతిసారీ బట్టలు వేసేముందు ఫిల్టర్‌లోని నూగు తీయడం అందరికీ తెలిసిందే. చాలామందికి తెలియనిది, చూడ్డానికి శుభ్రంగా ఉన్న ఫిల్టర్ కూడా మూసుకుపోయి ఉండొచ్చని. బట్టలు మెత్తబడడానికి వేసే ద్రవాల, షీట్ల జిడ్డు జాలీకి కంటికి కనిపించని పొరలా పడుతుంది. ఫిల్టర్ తీసి కొళాయి కింద పట్టండి. నీళ్లు జారిపోతే మంచిది. దోసిట్లో నిలిచినట్టు నిలిస్తే గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టండి. జాలీ చిరిగి ఉంటే కొత్తది వేయాల్సిందే, లేకపోతే నూగంతా పైపులోకే.

రెండో మెట్టు: బయటి మూతి

డ్రయ్యర్ నడుస్తుండగా బయటికి వెళ్లి పైపు మూతి దగ్గర చెయ్యి పెట్టండి. వెచ్చటి తడిగాలి చేతిని తోస్తున్నట్టు రావాలి. రెక్క ఉంటే అది బాగా తెరుచుకొని ఉండాలి. పేపరు ముక్క పట్టుకుంటే రెపరెపలాడాలి. కొద్దిగా ఊదినట్టు మాత్రమే వస్తోందంటే దారిలో అడ్డం ఉన్నట్టే.

దోమల జాలీ ఉంటే ఇవాళే తీసేయండి. ఈ ఒక్క మాట కోసమే ఈ వ్యాసం రాశానన్నా తప్పులేదు. దోమలు, బల్లులు, ఎలుకలు వస్తాయన్న భయం నిజమే, నాకూ ఉంది. దానికి మందు జాలీ కాదు, మెషిన్ ఆగగానే తనంతట తాను మూసుకునే రెక్క. పావురాలు, పిచ్చుకలు గూడు పెట్టే చోటైతే వారానికోసారి కన్నేసి ఉంచండి. రెక్కకి మేస్త్రీ సున్నం అంటి బిగుసుకుపోవడం, రంగులేసేవాళ్లు రంగుతో కలిపి అతికించేయడం కూడా చూశాను.

సముద్రానికి దగ్గరగా, కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు ఉండేవాళ్లకి ఇంకొకటి. ఉప్పుగాలికి ఇనుప రెక్క ఇరుసు తుప్పుపట్టి సగంలో నిలిచిపోతుంది. అల్యూమినియమో స్టెయిన్‌లెస్ స్టీలో వేయించుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా చుట్టాలింట్లో ఈ రెక్క ఎగిరిపోతే, చాలారోజులు పైపులోకి వాన కొట్టింది. తడిసిన నూగు ఆరితే అట్టముక్కలా గట్టిపడుతుంది, బ్రష్షుకి ఊడిరాదు. తుపాను వెళ్లాక రేకులు, వాటర్ ట్యాంకు మూత చూసుకున్నట్టే దీన్నీ చూసుకోండి.

మూడో మెట్టు: పైపు విప్పి పరీక్ష

తప్పు మెషిన్‌దా పైపుదా అన్నది తేల్చే పరీక్ష ఇది. ప్లగ్గు తీసేయండి, స్విచ్ ఆపితే సరిపోదు. ఇద్దరు పట్టుకొని మెషిన్‌ని ముందుకి జరపండి. క్లిప్పు వదులుచేసి పైపుని మెషిన్ మూతి నుంచి తీయండి. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, తడిబట్టలు వేసి, ప్లగ్గు పెట్టి ఒక పావుగంట నడపండి. గదిలోకి ఆవిరీ నూగూ వస్తాయి కాబట్టి అంతకన్నా ఎక్కువసేపు వద్దు.

మెషిన్ మూతి దగ్గర గాలి బలంగా, వేడిగా వస్తుంటే మీ మెషిన్‌కి ఏమీ కాలేదు, దోషం పైపుది. గాలే బలహీనంగా ఉంటే మెషిన్ లోపల ఫ్యాను చుట్టూ నూగు చుట్టుకొని ఉండొచ్చు, అది మెకానిక్ పని. గాలి బాగుండి వేడి లేకపోతే హీటరో, మరీ వేడెక్కితే కరెంటు తెంపే థర్మల్ ఫ్యూజో, వోల్టేజో.

వోల్టేజి సంగతి మన జిల్లాల్లో తీసిపారేయలేం. హీటర్ వేడి వోల్టేజి వర్గాన్ని (వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చే అంకెని) బట్టి మారుతుంది. 230 దగ్గర 2000 వాట్లు ఇచ్చే హీటర్ 180 వోల్టుల దగ్గర 1225 వాట్లే ఇస్తుంది, అంటే అరవై శాతం. ఊళ్లో మోటార్లన్నీ నడిచే వేళలో బట్టలు ఆరక, రాత్రి పదింటికి బాగా ఆరుతున్నాయంటే పైపుని తిట్టకండి.

నాలుగో మెట్టు: శుభ్రం చేయడం

ముక్కుకి గుడ్డ కట్టుకొని మొదలుపెట్టండి. ప్లగ్గు తీసే ఉండాలి. మెషిన్ మూతిలో చేతికి అందినంత నూగు తీసి, వ్యాక్యూమ్ ఉంటే పట్టండి.

పైపు వంపుల్లేకుండా తిన్నగా, గట్టి రేకుదైతే నేను చేసే పద్ధతి ఇది. ఒక నైలాన్ తాడుకి బరువు కోసం నట్టు కట్టి పైపు ఒక చివర నుంచి రెండో చివరకి పంపుతాను. తాడు మధ్యలో పాత లుంగీ గుడ్డని పైపు కన్నా కాస్త చిన్నగా ఉండలా కడతాను. అటొకరు ఇటొకరు నిలబడి నూతిలో చేద లాగినట్టు అటూ ఇటూ లాగడమే. తాడు రెండువైపులా ఉంటుంది కాబట్టి ఉండ మధ్యలో ఇరుక్కున్నా వెనక్కి లాగేయొచ్చు. ఒకవైపే తాడు కట్టి ఇరికించుకొని గోడ పగలగొట్టినవాళ్లున్నారు. గుండ్రటి పైపు బ్రష్షు దొరికితే ఇంకా సులువు. కొబ్బరి ఈనెల చీపురు మాత్రం దూర్చకండి, ఈనెలు విరిగి వంపులో అడ్డంపడితే వాటికే నూగు పడుతుంది.

కంప్యూటర్లు దులిపే చిన్న బ్లోయర్ ఉంటే ఇంటివైపు నుంచి బయటికి ఊదండి, మెషిన్‌వైపు కాదు. నీళ్లు కొట్టడం అస్సలు వద్దు.

మెలికలు తిరిగే పల్చటి వెండిరంగు కాగితం లాంటి పైపైతే దాన్ని శుభ్రం చేసే శ్రమ దండగ. బ్రష్షుకి చిరుగుతుంది, ముడతల్లో నూగు ఎలాగూ ఉండిపోతుంది. మార్చేయండి.

ఐదో మెట్టు: పైపునే సరిచేయడం

శుభ్రం చేసిన రెండు మూడు నెలలకే మళ్లీ మూసుకుపోతోందంటే లోపం పైపు వేసిన తీరులో ఉంది. మన ప్లంబర్లకి 4 అంగుళాల పైపు అనగానే చేతికందేది బాత్రూముకి వేసే పీవీసీ. చూడ్డానికి నున్నగా, గట్టిగా, చవగ్గా ఉంటుంది. కానీ వేడిగాలి రాపిడికి ప్లాస్టిక్‌లో స్థిరవిద్యుత్తు పుట్టి నూగు గోడలకి అతుక్కుంటుంది, వేడికి మెత్తబడుతుంది, లోపల నిప్పు పుడితే తానూ కాలుతుంది. జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రేకుదో అల్యూమినియందో నున్నటి గొట్టమే సరైనది. ఏసీ డక్టులు చేసే రేకు పనివాళ్లు 4 అంగుళాల గొట్టం చుట్టి ఇస్తారు. మెషిన్‌కీ గోడకీ మధ్య మాత్రం కాస్త గట్టి అల్యూమినియం ఫ్లెక్సిబుల్ పైపు చిన్న ముక్క చాలు.

అతుకులు పెట్టేటప్పుడు ప్రతి ముక్క మూతీ గాలి పోయే దిక్కుకి ఉన్న తర్వాతి ముక్కలోకి దూరాలి. తిరగేసి పెడితే లోపల అంచు నిలబడి నూగుకి మెట్టు కట్టినట్టవుతుంది. స్క్రూలు వద్దు, వాటి మొనలు లోపలికి పొడుచుకొచ్చి నూగుని పట్టేస్తాయి. ఏసీవాళ్లు వాడే అల్యూమినియం టేపు చుట్టండి. గోధుమరంగు ప్యాకింగ్ టేపు వేడికి ఊడిపోతుంది.

పొడవెంత ఉండొచ్చు? అమెరికా ఇళ్ల నిర్మాణ నియమావళిలో గరిష్ఠం 35 అడుగులు. అందులో ప్రతి 90 డిగ్రీల వంపుకి 5 అడుగులు, 45 డిగ్రీల వంపుకి రెండున్నర అడుగులు తగ్గించాలి. అంటే 12 అడుగుల పైపుకి మూడు నిండు వంపులుంటే గాలి దృష్టిలో అది 27 అడుగుల పైపు. అక్కడివి పెద్ద మెషిన్లు. మనం కొనే చిన్నవాటి ఫ్యాను అంత బలంగా ఉండదు కాబట్టి మెషిన్‌తో ఇచ్చిన పుస్తకంలో ఇంకా తక్కువ రాసి ఉంటే అదే పాటించండి. నన్నడిగితే బయటి గోడ పక్కనే మెషిన్ పెట్టి, ఒక్క వంపుతో మూడు నాలుగు అడుగుల్లో బయటపడేలా చూసుకోవడం కన్నా మంచి ఏర్పాటు లేదు. మెట్ల కింద గదిలో మెషిన్, మేడ మీద పైపు మూతి పెట్టి ఆ తర్వాత ఎన్ని తిప్పలు పడ్డా ప్రయోజనం ఉండదు.

పైపు బయటివైపుకి కొద్దిగా వాలుగా ఉండాలి. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలికి పైపులో ఆవిరి నీరుగా మారుతుంది, వాలు ఉంటే బయటికి కారిపోతుంది. మధ్యలో ఉయ్యాలలా వేలాడితే అక్కడ నీళ్లు నిలిచి, నూగు తడిసి ముద్దయి దారి మూస్తుంది.

పనైపోయి మెషిన్‌ని వెనక్కి తోసేటప్పుడు జాగ్రత్త. గోడకి ఆనించేసి పైపు నలిపేయడం అందరం చేసే తప్పు. జానెడు జాగా వదలండి.

రెండు చోట్లకి మాత్రం ఈ పైపుని ఎంతమంది సలహా ఇచ్చినా కలపకండి. ఒకటి వంటింటి చిమ్నీ పైపు. అందులో నూనె జిడ్డు, ఇందులోంచి నూగు, రెండూ కలిస్తే దీపపు వత్తే. రెండోది డ్రైనేజీ గొట్టం. దుర్వాసన, బొద్దింకలు నేరుగా మీ ఉతికిన బట్టల్లోకి వస్తాయి.

గదిలోకి గాలి వస్తోందా?

బయటికి ఎంత గాలి పోతుందో అంత గాలి గదిలోకి రావాలి కదా. చిన్న యుటిలిటీ గదిలో తలుపు, కిటికీ మూసి నడిపితే ఫ్యాను లాగడానికి గాలుండదు. తలుపు వేసి ఒకసారి, తీసి ఒకసారి నడిపి బయటి మూతి దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తేడా తెలిసిపోతుంది. అదే గదిలోనో పక్క బాత్రూములోనో గ్యాస్ గీజర్ ఉంటే మాత్రం రెండూ ఒకేసారి నడపకండి. డ్రయ్యర్ గాలిని లాగేటప్పుడు గీజర్ మంట నుంచి వచ్చే విషవాయువు బయటికి పోకుండా ఇంట్లోకే తిరిగి రావచ్చు. ఇది ప్రాణాల మీదికొచ్చే విషయం.

కొన్ని గట్టి మాటలు

వేడెక్కి వేడెక్కి థర్మల్ ఫ్యూజు పోయిందనుకోండి, "దాన్ని డైరెక్ట్ చేసేస్తాను సార్, ఇక పోదు" అనేవాళ్లు ఉంటారు. వద్దనండి. ఇల్లు కాలకుండా ఆపేది అదే. అది పోయిందంటే గాలి దారి మూసుకుందేమో చూడమని చెబుతోంది. పైపు బాగుచేయకుండా కొత్త ఫ్యూజు వేస్తే అదీ పోతుంది.

తలంటు పోసుకున్నాక నువ్వుల నూనె పట్టిన తువ్వాళ్లు, వంటింట్లో నూనె తుడిచిన గుడ్డలు డ్రయ్యర్‌లో వేయకండి. ఉతికినా నూనె పూర్తిగా పోదు. వేడిగా ఉన్నప్పుడే ఉండచుట్టి పడేస్తే లోపల్లోపలే వేడి పెరిగి అంటుకునే ప్రమాదం ఉంది. పొందూరు ఖద్దరు పంచెలు, చీరలు నీడనే ఆరేయండి. అంత సన్నటి నూలుని డ్రమ్ములో వేసి తిప్పడం ఆ చేతుల పనికి అన్యాయం. మెషిన్ నడుస్తుండగా ఇంటికి తాళం వేసి విజయనగరం సిరిమానోత్సవానికో అరసవల్లి గుడికో వెళ్లిపోవద్దు.

పైపు మొత్తం శుభ్రం చేయడం ఏడాదికి రెండుసార్లు నాకు సరిపోతోంది. మే నెలాఖర్లో వానలకి ముందు ఒకసారి, తుపాన్లు సద్దుమణిగాక డిసెంబరులో ఒకసారి. కొత్త తువ్వాళ్లు, దుప్పట్లు కొన్న నెల మాత్రం నూగు ఎక్కువ, బయటి మూతి అదనంగా ఒకసారి చూస్తాను.

ఇవన్నీ చేశాక అవే తువ్వాళ్లు, అవే దుప్పట్లు వేసి నిమిషాలు చూడండి. పాత అంకెకి దగ్గరగా వస్తే మెషిన్‌ని వదిలేయండి. రాకపోతే అప్పుడు మెకానిక్‌ని పిలవండి. ఫోన్‌లో "ఆరడం లేదు" అని ఊరుకుంటే అతను మొదట గుర్తొచ్చిన హీటర్ పట్టుకొస్తాడు. "పైపు విప్పి నడిపాను, గాలి బాగుంది, వేడి లేదు, వోల్టేజి 225 ఉంది" అని చెప్పండి. లేదా "మెషిన్ మూతి దగ్గరే గాలి లేదు, ఫిల్టర్ కడిగాను" అని చెప్పండి. బేగి వస్తాడు, సరైన సామానుతో వస్తాడు.